ల్యుకేమియా తగ్గిన పిల్లలు లావవుతుంటే: బరువొక్కటే కాదు, ఎత్తు కూడా చూడండి

బ్లడ్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయిన పిల్లాడు బొద్దుగా కనిపిస్తే చుట్టాలంతా సంతోషిస్తారు. మన ఇళ్లలో ఒళ్లు చేయడమంటే ఆరోగ్యం వచ్చినట్టే లెక్క, పైగా కీమో రోజుల్లో నోరంతా పూసి నాలుగు మెతుకులు మింగలేక వాడు ఏడ్చింది అందరికీ గుర్తుంటుంది కాబట్టి "తిననీ పాపం" అనేవాళ్లే గానీ ఆపేవాళ్లుండరు. ఏడాదో రెండేళ్లో గడిచాక స్కూల్ ప్యాంటు నడుము దగ్గర పట్టదు, పొడవు మాత్రం పోయినేడు కుట్టించినట్టే సరిపోతూ ఉంటుంది. నడుము సంగతి అందరికీ కనిపిస్తుంది. పొడవు సంగతి ఎవరూ పట్టించుకోరు. హార్మోన్ల కథంతా ఆ పొడవులోనే ఉంటుంది.

నేను డాక్టర్ని కాదు, ఈ జబ్బు నుంచి బయటపడ్డ ఒక పిల్లాడి అమ్మని. రాసేది ముఖ్యంగా ఏఎల్ఎల్ గురించి, అంటే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. మందులు, డోసులు మీ డాక్టర్ చెప్పాలి. ఏం గమనించాలి, ఏం అడగాలి, ఇంట్లో ఏం చేయాలి అన్నది నేను చెప్తాను.

ముందు పాత ఫైలు తీయండి

ఎంఎన్‌జే అయినా, నిమ్స్ అయినా, బసవతారకం అయినా, వైజాగ్ హోమీ భాభా అయినా, వెల్లూరో ముంబయో వెళ్లి చేయించినా, అడగాల్సింది ఒక్కటే: ట్రీట్‌మెంట్ సమ్మరీ. డిశ్చార్జ్ కాగితాల కట్ట వేరు, ఇది వేరు. ఏ ప్రోటోకాల్ (మందులు ఇచ్చే పద్ధతి), స్టెరాయిడ్ ఏది ఇచ్చారు, తలకు రేడియేషన్ ఇచ్చారా, ఇస్తే ఎన్ని గ్రే (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్), ఎముక మజ్జ ట్రాన్స్‌ప్లాంట్ కోసం ఒళ్లంతటికీ రేడియేషన్ ఇచ్చారా, డాక్సోరుబిసిన్, డౌనోరుబిసిన్ లాంటి ఎర్ర మందులు మొత్తం కలిపి ఎంత ఎక్కాయి, ఆస్పరాజినేజ్ అనే కీమో మందు ఇచ్చినప్పుడు పాంక్రియాస్ (క్లోమం) వాచిందా, ఆఖరి మందు ఏ తేదీన ఆపారు. ఇవన్నీ ఒకటి రెండు పేజీల్లో రాసివ్వమనండి. ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో పెట్టుకోండి, ఎందుకంటే పదేళ్ల తర్వాత గుంటూరులోనో డాలస్‌లోనో కొత్త డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు జ్ఞాపకం మీద చెప్పగలిగేవి కావివి.

అన్నిటికంటే ముందు రేడియేషన్ గడి చూడండి. మెదడు అడుగున హైపోథాలమస్, దాన్ని అంటిపెట్టుకుని పిట్యూటరీ గ్రంథి ఉంటాయి. ఎదుగుదల, థైరాయిడ్, అడ్రినల్, రజస్వల కావడం, ఆకలి, అన్నీ అక్కడి నుంచే నడుస్తాయి. ఒకప్పుడు ఏఎల్ఎల్ పిల్లలకు తలకు 24 గ్రే ఇచ్చేవారు, తర్వాత 18కి, 12కి దించారు. అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి 2009లో ప్రచురించిన టోటల్ 15 అధ్యయనం మందులు సరిగ్గా ఇస్తే తలకు రేడియేషన్ మానేయొచ్చని చూపించింది. ఇప్పుడు చాలామంది పిల్లలకు దాని బదులు వెన్నులోకి మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇంజెక్షన్లు ఇస్తున్నారు. అయినా జబ్బు మెదడుకు పాకినవాళ్లకు, తిరగబెట్టినవాళ్లకు, కొన్ని ప్రోటోకాల్స్‌లో టీ-సెల్ అనే రకం ఏఎల్ఎల్ ఉన్నవాళ్లకు, ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో కొందరికి ఇప్పటికీ రేడియేషన్ పడుతుంది. పడితే మీ దారి ఒకటి, పడకపోతే ఇంకొకటి. కాబట్టి "ఏదో లైట్ కింద పడుకోబెట్టారు" అన్న జ్ఞాపకంతో సరిపెట్టుకోకండి.

రేడియేషన్ పడకపోతే బరువు పెరగదని కాదు. స్టెరాయిడ్లు, కదలకుండా గడిపిన రెండు మూడేళ్లు, నీరసపడిన కండరాలు, ఇంట్లో అలవాటైపోయిన గారాబం కూడా చాలు. అప్పుడు హార్మోన్ టెస్టుల కోసం పరుగెత్తాల్సిన అవసరం తక్కువ, వంటింట్లో పని ఎక్కువ.

ట్రీట్‌మెంట్ నడుస్తున్నప్పుడు

ఇండక్షన్లో, అంటే ట్రీట్‌మెంట్ మొదటి దశలో, దాదాపు నాలుగు వారాలు ప్రెడ్నిసొలోన్ గానీ డెక్సామెథసోన్ గానీ (రెండూ స్టెరాయిడ్లే) రోజూ ఇస్తారు. చాలా ప్రోటోకాల్స్‌లో మెయింటెనెన్స్ (చివరి, పొడవాటి దశ) నెలల్లో మధ్యమధ్య ఐదేసి రోజులు మళ్లీ ఇస్తారు. ఆ రోజుల్లో పిల్లలు అర్ధరాత్రి లేచి పులిహోర కావాలంటారు, అదీ ఇప్పుడే కావాలంటారు. మొహం చంద్రుడిలా ఉబ్బుతుంది, పొట్ట ముందుకొస్తుంది, అదే సమయంలో తొడలు, భుజాలు సన్నబడతాయి. స్టెరాయిడ్ కొవ్వును పెంచుతూనే కండను కరిగిస్తుంది, కాబట్టి తూకంలో అంకె మారకపోయినా లోపల లెక్క మారుతుంది. కింద కూర్చుని చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నారంటే కండ తగ్గిందని అర్థం, ఆ మాట డాక్టర్‌కి చెప్పండి.

ఈ దశలో డైటింగ్ వద్దు. స్టెరాయిడ్ మాత్ర మీ అంతట మీరు తగ్గించడం అసలే వద్దు, అది ల్యుకేమియా కణాలను చంపే మందు. చేయగలిగింది ఏంటంటే, స్టెరాయిడ్ ఆకలి ఎక్కువగా ఉప్పూ కారాల మీదికి పోతుంది కాబట్టి చిప్స్, మిక్చర్, అప్పడాలు, ఊరగాయ ఆ ఐదు రోజులూ ఇంట్లో కంటికి కనపడకుండా చూసుకోండి. ఉడికించిన గుడ్డు, పెసరట్టు, ఇడ్లీతో సాంబారు ఎక్కువ, ఉప్పు తక్కువ మజ్జిగ, కీరా లాంటివి చేతికందేలా ఉంచండి. ఆస్పరాజినేజ్, స్టెరాయిడ్ కలిసి నడిచేటప్పుడు షుగర్ పెరగొచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే వెంటనే చెప్పాలి. ఈ ఉబ్బు చాలామందికి మందు ఆగాక కొన్ని నెలల్లో దిగిపోతుంది. దిగాల్సిన టైము దాటినా దిగకపోతే కొలతలు మొదలుపెట్టాలి.

ఎత్తూ బరువూ రెండూ ఒకే కాగితం మీద

నేను చెప్పదలచుకున్నదంతా ఈ భాగమే, మిగతాది దీని చుట్టూ ఉన్నది. చెప్పులు విప్పించి, గోడకు మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబెట్టి, చూపు తిన్నగా ఉంచమని, తల మీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీయండి. ఆడపిల్లకైతే జడ విప్పించండి. పొద్దున్న కొలిస్తే ప్రతిసారీ పొద్దున్నే కొలవండి, సాయంత్రానికి మనిషి కాస్త కుంగుతాడు. నెలనెలా కొలిచి టెన్షన్ పడకండి, అర సెంటీమీటరు తేడా చెయ్యి తప్పు వల్లే వస్తుంది. ఆరు నెలలకోసారి చాలు, లెక్క ఏడాదికి కట్టండి.

నాలుగేళ్లు దాటిన దగ్గర్నుంచి యుక్తవయసు మొదలయ్యే దాకా పిల్లలు ఏడాదికి సుమారు ఐదారు సెంటీమీటర్లు పెరగాలి. నాలుగుకు తగ్గితే అడగాల్సిందే. కీమో నడిచేటప్పుడు ఎదుగుదల మందగించడం మామూలే, రేడియేషన్ లేని పిల్లలు చాలామంది మందులు ఆగాక ఆ లోటు పూడ్చుకుంటారు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు) లెక్కకి ఐదేళ్లు దాటినవాళ్లకు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టులు వాడమనండి. వాటిలో పెద్దవాళ్ల బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైన గీత దాటితే ఊబకాయం. పెద్దల బీఎంఐ కాలిక్యులేటర్‌లో పిల్లల అంకెలు కొట్టి తృప్తి పడకండి. నడుము కూడా కొలవండి. ఎత్తులో సగం కంటే నడుము ఎక్కువుంటే పొట్టలో కొవ్వు చేరుతున్నట్టే. ఒళ్లంతా రేడియేషన్ పడ్డ పిల్లలకు ఇది మరీ ముఖ్యం, వాళ్లలో బీఎంఐ మామూలుగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువుండొచ్చు. వాళ్లకి, వెన్నుకు రేడియేషన్ పడ్డవాళ్లకి, కూర్చున్న ఎత్తు కూడా కొలవమనండి, ఎందుకంటే కాళ్లు పెరిగి వెన్ను పెరగకపోవచ్చు.

ఇక కాగితం చదవడం. బరువు పెరుగుతోంది, ఎత్తూ బాగానే పెరుగుతోంది అంటే చాలావరకు తిండి, కదలిక, నిద్ర సంగతే. బరువు పెరుగుతోంది, ఎత్తు ఆగినట్టుంది అంటే హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, వీలైతే పిల్లల ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికే. మూడోది మోసం చేసే రకం: ఆరేడేళ్ల పాప ఉన్నట్టుండి గబగబా ఎత్తు పెరుగుతుంది, ఇంట్లో అందరూ సంబరపడతారు. తలకు రేడియేషన్ పడ్డ పిల్లల్లో, అందులోనూ చిన్న వయసులో పడ్డ ఆడపిల్లల్లో, యుక్తవయసు తొందరగా రావచ్చు. ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లకు ఛాతీ రావడం, తొమ్మిదేళ్లలోపు మగపిల్లాడికి వృషణాలు పెరగడం మామూలు కాదు. ఇప్పుడు ఎత్తు దూకుతుంది గానీ ఎముకలు ముందే ముదిరిపోయి తర్వాత ఆగిపోతుంది, పైగా ఈ దూకుడు వెనక గ్రోత్ హార్మోన్ లోపం దాక్కునే అవకాశం ఉంది. ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తారు. అవసరమైతే నెలకో మూడు నెలలకో ఇచ్చే ఇంజెక్షన్లతో యుక్తవయసును కొన్నాళ్లు ఆపుతారు. పాప వయసు చూసి "ఇంకా టైముంది కదా" అని ఆగితే ఆ అవకాశం చేజారిపోతుంది.

టెస్టుల్లో మోసపోయే చోట్లు

గ్రోత్ హార్మోన్: రేడియేషన్ తర్వాత మొదట దెబ్బతినేది సాధారణంగా ఇదే. 18 గ్రే, ఆపైన ముప్పు ఎక్కువ, తక్కువ డోసుల్లో కూడా ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. ఇది తగ్గితే ఎత్తు మందగించడమే కాదు, కండ తగ్గి పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష నార్మల్ వచ్చిందని వదిలేయకండి, రేడియేషన్ పడ్డ పిల్లల్లో అది నార్మల్‌గా ఉంటూనే లోపం ఉండొచ్చు. క్లోనిడిన్ లాంటి మందు ఇచ్చి కాసేపటికోసారి రక్తం తీసే స్టిమ్యులేషన్ టెస్టు చేస్తారు. లావుగా ఉన్న పిల్లల్లో ఆ టెస్టు కూడా ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు, అందుకే ఒక్క అంకె మీద కాకుండా ఎత్తు కాగితంతో కలిపి చదివే డాక్టర్ కావాలి. మీ కాగితం విలువ అప్పుడు తెలుస్తుంది. హార్మోన్ ఇవ్వాలంటే జబ్బు లేకుండా కనీసం ఏడాది గడవాలని 2018లో ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు చెప్పాయి. రోజూ ఇంజెక్షన్, ఖర్చూ ఎక్కువే. ల్యుకేమియా తిరగబెడుతుందేమో అన్న భయం అందరికీ ఉంటుంది, ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో అలా కనిపించలేదు, అయినా ఆంకాలజిస్ట్ మాట తీసుకునే మొదలుపెడతారు. ఇది లావు తగ్గించే మందు మాత్రం కాదు, ఆ ఆశతో అడగకండి.

థైరాయిడ్: మన ల్యాబుల్లో "థైరాయిడ్ టెస్ట్" అంటే చాలాచోట్ల టీఎస్‌హెచ్ ఒక్కటే చేసి పంపేస్తారు. మామూలు జనానికి చాలు. తలకు రేడియేషన్ పడ్డ పిల్లలకు చాలదు, ఎందుకంటే టీఎస్‌హెచ్ వచ్చేదే పిట్యూటరీ నుంచి. అదే దెబ్బతింటే థైరాయిడ్ పడిపోయినా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపిస్తుంది. ఫ్రీ టీ4 కూడా రాయించుకోండి. ఇంకో మాట, పిట్యూటరీ వల్ల వచ్చిన లోపమైతే థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టే ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) చూడాలి, అది తక్కువున్నప్పుడు థైరాక్సిన్ ఇస్తే ప్రమాదం. పక్కింటావిడ మాత్ర వేసుకుని సన్నబడిందని పిల్లకు వేసే ప్రయోగాలు చేయకండి. నిజంగా థైరాయిడ్ తక్కువున్నా దానివల్ల వచ్చే బరువు కొద్ది కిలోలే.

అడ్రినల్: ఇది బరువు సంగతి కాదు, ప్రాణం సంగతి. వారాల తరబడి స్టెరాయిడ్ బయటి నుంచి ఇస్తే ఒంట్లో కార్టిసాల్ తయారీ నిద్రపోతుంది, మందు ఆపాక మళ్లీ లేవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఆలోపు గట్టి జ్వరం, వాంతులు, ఆపరేషన్ వస్తే పిల్లాడు మగతగా వాలిపోవచ్చు, షుగర్, బీపీ పడిపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి "ఇటీవలి దాకా స్టెరాయిడ్ వాడాం" అన్న మాట మొదట చెప్పండి, పన్ను పీకించినా సరే చెప్పండి. టెస్టు కావాలంటే ఉదయం ఎనిమిది ప్రాంతంలో రక్తం ఇవ్వాలి, మధ్యాహ్నం తీసిన కార్టిసాల్‌తో ఏమీ తేలదు.

షుగర్, కొలెస్ట్రాల్, బీపీ గురించి అంతగా చెప్పక్కర్లేదు. బీపీ ఏటా చూడాలి. ఒళ్లంతా రేడియేషన్ పడ్డవాళ్లకు షుగర్, లిపిడ్ ప్రొఫైల్ రెండేళ్లకోసారైనా చేయించాలి. మగపిల్లలకు వృషణాలకు రేడియేషన్ పడి ఉంటే యుక్తవయసు ఆలస్యం కావచ్చు, టెస్టోస్టిరాన్ చూడమని అడగండి. సిగ్గుపడి దాచే విషయం కాదిది.

ఆకలి నిండని పిల్లలు

కొందరు పిల్లలు కడుపునిండా తిని అరగంటకే మళ్లీ వంటింట్లోకి వస్తారు. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ "చాలు" అని మెదడుకు చెప్తుంది, హైపోథాలమస్ దెబ్బతింటే ఆ మాట వినపడదు. అమెరికాలో సర్వైవర్లను దశాబ్దాలుగా గమనిస్తున్న చైల్డ్‌హుడ్ క్యాన్సర్ సర్వైవర్ స్టడీలో, ఐదేళ్లలోపే తలకు 20 గ్రే, ఆపైన పడ్డ ఆడపిల్లల్లో పెద్దయ్యాక ఊబకాయం ముప్పు అందరికంటే ఎక్కువగా కనిపించింది. ఇలాంటి పిల్లని "తిండిపోతు" అనడం అన్యాయం. వాళ్లకు బుద్ధి చెప్పడం కంటే ఇంట్లో ఏం కనిపిస్తోందో మార్చడం మేలు: డబ్బాలు పై అరలోకి, భోజనం వేళకి, రెండోసారి వడ్డన కూరలతోనే.

తిండి విషయంలో పెద్ద పథకాలేం అక్కర్లేదు. మన కంచంలో అన్నం కొండలా ఉండి కూర అంచున ఉంటుంది, దాన్ని తిరగేయాలి. ముందు కూర, పప్పు, గుడ్డో చేపో చికెనో వడ్డించి, తర్వాత అన్నం కప్పుతో కొలిచి పెట్టండి. జొన్నరొట్టె, రాగి సంగటి మంచివే, కానీ మిల్లెట్ అన్న పేరుతో రెట్టింపు తింటే లెక్క అదే. స్టెరాయిడ్ తిన్న కండ మళ్లీ రావాలంటే మూడు పూటలా ప్రోటీన్ ఉండాలి. ఉదయం ఇడ్లీతో కొబ్బరి చట్నీ మాత్రమే పెట్టి పంపేస్తే అది రాదు. ట్రీట్‌మెంట్‌లో బలానికని మొదలుపెట్టిన పాల పొడి డ్రింకులు చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటాయి, వాటిలో చక్కెర ఎంతుందో డబ్బా వెనక చదవండి, చదివితే మీరే మానేస్తారు. జ్యూసులు వద్దు, పండు కొరికి తిననీయండి. ఎముకలకు పాలు, పెరుగు, రాగి, నువ్వులు. విటమిన్ డీ టెస్టు చేయించి, డాక్టర్ రాసినన్ని వారాలే 60,000 యూనిట్ల సాచెట్ వేయండి.

అమ్మమ్మ, నాయనమ్మల సంగతి వేరే చెప్పాలి. వాళ్లతో వాదించి గెలవలేం. "డాక్టర్‌గారు పెట్టొద్దన్నారు" అంటే ఒక వారం వింటారు. ఒకసారి వాళ్లను కూడా చెకప్‌కి తీసుకెళ్లి ఆ మాట డాక్టర్ నోటితోనే వినిపించండి. ప్రేమ చూపించడానికి బూందీ లడ్డూ కాకుండా సాయంత్రం నడక అప్పగించండి, మనవరాలి చెయ్యి పట్టుకుని గుడిదాకా వెళ్లి రావడం ఇద్దరికీ మంచిదే.

ఆటల్లోకి దింపే ముందు

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు గంట ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన పిల్లలకు ఆ గంటకు చేరడానికే నెలలు పట్టొచ్చు. విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు వల్ల పాదం వేలాడి అడుగు తడబడుతుంటే ముందు ఫిజియోథెరపీ, పిక్కలు సాగదీసే వ్యాయామం. తుంటిలో, మోకాల్లో నొప్పి ఉన్నా, కుంటుతున్నా, మరీ ముఖ్యంగా పదేళ్లు దాటాక ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్లయితే, స్టెరాయిడ్ వల్ల ఎముకకు రక్తం అందక దెబ్బతినే జబ్బు కావచ్చు. ఎక్స్‌రేలో తొలిదశ కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ గురించి అడగండి, తేలేదాకా గెంతే ఆటలు ఆపండి, ఈత, సైకిల్ గురించి డాక్టర్‌ని అడగండి. ఎర్ర మందులు ఎక్కువ ఎక్కినవాళ్లు జిమ్‌లో బరువులెత్తే ముందు ఎకో (గుండె స్కాన్) చేయించుకోవాలి. ఇవేవీ లేకపోతే స్కూల్ పీటీ క్లాసు నుంచి మినహాయింపు ఉత్తరం ఇంక ఇవ్వకండి. ట్రీట్‌మెంట్ ముగిసిన రెండేళ్ల తర్వాత కూడా ఆ ఉత్తరం స్కూల్లో అలాగే ఉండిపోయి, పిల్లాడు గ్రౌండ్ పక్కన కూర్చుని బ్యాగులు కాపలా కాస్తుంటాడు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల ప్రకటనలు ఎక్కడ చూసినా ఉన్నాయి. సెమాగ్లూటైడ్ లాంటివి విదేశాల్లో పన్నెండేళ్లు దాటిన పిల్లలకు కూడా అనుమతించారు. కానీ ఆస్పరాజినేజ్‌తో ఒకసారి పాంక్రియాస్ వాచిన పిల్లకు ఈ మందుల విషయంలో చాలా జాగ్రత్త కావాలి, ఆ సంగతి ఫైలులో ఉంటుంది గానీ ఫార్మసీ వాడికి తెలియదు. మూలికల పొడులు, స్లిమ్ టీలు కూడా మెర్కాప్టోప్యూరిన్, మెథోట్రెక్సేట్ అనే కీమో మందులు నడుస్తుండగా ముట్టొద్దు, ఆ మందులతోనే లివర్ మీద భారం ఉంటుంది.

ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు, యుక్తవయసు దశ చూపించండి. రేడియేషన్ పడితే ఆ తర్వాత కూడా ఏటా హార్మోన్ల చెకప్ మానొద్దు, లోపాలు పదేళ్లకు కూడా తలెత్తుతాయి. తర్వాతిసారి ఓపీకి వెళ్లినప్పుడు రక్తం కౌంట్లు బాగున్నాయనగానే లేచి రాకుండా, మీ కొలతల కాగితం బల్ల మీద పెట్టి "ఈ ఏడాది ఎన్ని సెంటీమీటర్లు పెరిగింది, సరిపోతుందా?" అని అడగండి.